ఎలుక చదువు – రైతు చదువు

హనుమాన్ జంక్షన్ కూడలిలో నిలబడి చూచినవారికి రెండు విధాలైన వ్యవసాయం కనిపిస్తుంది. ఉత్తరాన నూజివీడు దారి పట్టితే ఎర్రనేలలు, మామిడి తోటలు, ఇటీవల పెరిగిన పామాయిల్ తోటలు. దక్షిణాన గుడివాడ దారి పట్టితే నల్లరేగడి, కాలువ నీరు, కనుచూపు మేర వరి. ఈ రెండు నేలల్లోను రైతుతోపాటు విత్తక, నాటక, పన్ను కట్టక పంట తినే జీవి ఒకటి ఉన్నది. అది ఎలుక.

ఎలుకను చూడని రైతు లేడు. ఎలుకను తిట్టని రైతు కూడ లేడు. కాని ఎలుకను గమనించిన రైతులు తక్కువ. తెగులు వస్తే ఆకు తిప్పి చూస్తాం. పురుగు పడితే దాని గ్రుడ్డు ఎక్కడ, పిల్లపురుగు ఎక్కడ అని వెదకుతాం. ఎలుక విషయంలో మాత్రం అంగడికి పోయి మందు పొట్లం తెచ్చి కన్నంలో వేసి వస్తాం. ఆ తరువాత అది చావకపోతే మందు కల్తీదని అంటాం. ఈ పాఠంలో మందుకంటె ముందు ఎలుకను గురించి తెలుసుకొందాం. దాని అలవాట్లు తెలిస్తే సగం పని అయినట్లే.

చేలో మన పొరుగువారు

పొలంలో బ్రతికే ప్రతి జీవికీ ఆ పొలానికి తగిన ఉపాయం ఒకటి ఉంటుంది. నత్తను చూడండి. దానికి నీటిలో గాలి పీల్చేందుకు మొప్ప ఉన్నది, గట్టుమీద గాలి పీల్చేందుకు తిత్తి ఉన్నది. వేసవిలో మడి ఎండితే బురదలోకి దిగి, గుల్ల మూతిని బిళ్ళతో బిగించుకొని, మరల నీరు వచ్చేవరకు నెలల తరబడి పడి ఉంటుంది. కొర్రమీను సంగతి ఇంకా విచిత్రం. అది చేపే అయినా మధ్య మధ్య పైకి వచ్చి గాలి మ్రింగకపోతే నీటిలోనే ఊపిరాడక చస్తుంది. అందుచేతనే ఇతర చేపలు బ్రతకలేని మురికి గుంటలో అది బ్రతుకుతుంది. పశువుల వెంట తిరిగే తెల్లకొంగ తాను వెదకి పురుగును పట్టదు, గొడ్డు కాలు కదిపినప్పుడు లేచిన పురుగును పట్టుతుంది. ఎద్దులు తగ్గి ట్రాక్టర్లు వచ్చిన తరువాత అదే కొంగ దమ్ము చక్రాల వెంట నడవడం మనమందరం చూస్తున్నాం. దానికి ఎవ్వరూ నేర్పలేదు. అవసరం నేర్పింది.

ఈ జీవాలన్నింటిలోను మన పద్ధతులను మనకంటె బాగా చదివినది ఎలుక.

నేను చేసిన పొరపాటు

ఈ మాట నాకు ఎట్లా తెలిసినదో చెప్పుట అవసరం. సుమారు పదేండ్ల క్రిందట, నేను చదువు ముగించి ఉద్యోగంలో క్రొత్తగా చేరిన రోజులవి. హనుమాన్ జంక్షన్‌కు దక్షిణాన ఒక ఊరిలో మూడెకరాలు కౌలుకు చేస్తున్న రైతు ఒకరు నన్ను చేనికి తీసికొనిపోయారు. వరి పొట్ట మీద ఉన్నది. గట్టు నుండి చూస్తే చేను నిండుగానే ఉన్నది. లోపలికి దిగి చూస్తే నడుమ తట్ట బోర్లించినంత మేర పిలకలు కొడవలితో ఏటవాలుగా కోసినట్లు పడి ఉన్నవి.

నేను పుస్తకంలో చదివినది జ్ఞాపకం తెచ్చుకొని ఆ సాయంకాలమే నూకలలో జింక్ ఫాస్ఫైడ్ కలిపి, కనిపించిన కన్నమల్లా ఎర పెట్టించాను. మరునాడు ఉదయం కొన్ని ఎలుకలు చచ్చి కనిపించినవి. రైతు సంతోషించారు. నాకు గర్వం కలిగింది. మూడవనాడు పెట్టిన ఎర పెట్టినట్లే ఉన్నది. వారం గడచింది. చేను నడుమ కోత పెరిగింది. మరల ఎర కలిపి పెట్టాం. ఒక్క ఎలుకా ముట్టలేదు.

ఆ ఏడు వచ్చిన పంటలో కౌలు బస్తాలు కొలిచి ఇచ్చిన తరువాత ఆ రైతు ఇంటికి మిగిలినది గడ్డి మాత్రమే. ఆయన నన్ను ఒక్క మాట నిష్ఠురంగా అనలేదు. "మాష్టారూ, మీ మందు ఎలుకను చంపలేదండి, దానికి చదువు చెప్పింది" అన్నారు. ఆ మాట నేను నేటికీ మరువలేదు. శాస్త్రం కూడ సరిగా ఆ మాటనే చెప్పుచున్నది. ఎట్లాగో చూద్దాం.

ఎలుక శరీరంలోని విశేషాలు

ఎలుక ముందుపళ్ళు బ్రతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ఏడాదిలో అవి పెరిగే పొడవు 10 సెంటీమీటర్లకు పైబడుతుంది. కొరికి అరగదీయకపోతే అవి నోటికే అడ్డు వస్తాయి. కాబట్టి ఎలుక ఆకలి లేనప్పుడు కూడ కొరుకుతుంది. ఆ పళ్ళ ముందువైపు మాత్రమే గట్టి పింగాణి వంటి పూత ఉంటుంది, వెనుక మెత్తన. మెత్తన భాగం త్వరగా అరుగుతుంది గాన పంటి అంచు ఉలి అంచువలె ఎప్పుడూ పదునుగా ఉంటుంది. మన కొడవలికి కమ్మరి కావలెను. ఎలుకకు అక్కరలేదు.

ముందుపళ్ళకు, దవడపళ్ళకు నడుమ ఖాళీ ఉన్నది. మన్ను త్రవ్వేటప్పుడు ఎలుక చెంపల చర్మాన్ని ఆ ఖాళీలోకి మడిచి నోరు మూసుకొంటుంది. పళ్ళు బయట పని చేస్తూనే ఉంటాయి, మన్ను గొంతులోకి పోదు. డెల్టాలోని బంకమట్టి గట్టును అది అంత సులువుగా తొలచగలుగుటకు ఇదే కారణం.

ఎలుక చూపు అంత గొప్పది కాదు. అది మీసాలతో చూస్తుందని చెప్పవచ్చు. నడిచేటప్పుడు ఆ మీసాలను సెకనుకు సుమారు ఎనిమిది సార్లు ముందుకు వెనుకకు ఆడిస్తూ గోడను, గట్టును తడుముకొంటూ పోతుంది. అందువలన ఎలుక బయలు దాటదు, ఒక అంచు పట్టుకొని ఒకే దారిన పోతుంది. గట్టు వెంబడి సన్నని నున్నని దారి కనిపించినదంటే అది ఎలుక నడక. బుట్ట పెట్టవలసినది అక్కడ.

ఎలుకలు తమలో తాము మాట్లాడుకొంటాయి కూడ. అయితే ఆ ధ్వని మన చెవికి అందేదానికంటె హెచ్చు స్థాయిలో ఉంటుంది. భయం కలిగినప్పుడు ఒక విధమైన కూత, సంతోషంగా ఉన్నప్పుడు మరొక విధమైన కూత వేస్తాయని శాస్త్రజ్ఞులు యంత్రాల సహాయంతో గుర్తించారు.

అన్నింటికంటె ముఖ్యమైన విశేషం ఒకటి ఉన్నది. ఎలుక కక్కలేదు. కుక్క, పిల్లి చెడ్డది తింటే కక్కి బయటపడతాయి. ఎలుకకు ఆ సౌకర్యం లేదు. లోనికి పోయిన విషం లోననే ఉండవలెను. కాబట్టి ప్రకృతి దానికి వేరొక రక్షణ ఇచ్చింది. అదే అనుమానం.

ఎలుక ఎట్లా నేర్చుకొంటుంది

క్రొత్త తిండి ఎదురైతే ఎలుక మొదట ముట్టదు. వాసన చూచి పోతుంది. మరునాడు ఇంకా అక్కడే ఉంటే చిటికెడు రుచి చూస్తుంది. ఆ చిటికెడు వలన ఏ బాధ కలుగకపోతే మూడవనాడు కడుపునిండ తింటుంది. బాధ కలిగితే ఆ రుచిని, ఆ వాసనను జ్ఞాపకముంచుకొని మరల దాని జోలికి పోదు.

అమెరికా దేశంలో జాన్ గార్షియా అను శాస్త్రజ్ఞుడు 1955లో ఈ విషయాన్ని ప్రయోగపూర్వకంగా చూపాడు. ఎలుకలకు తియ్యని నీరు త్రాగించి, తరువాత వాటికి కడుపులో వికారం కలిగేటట్లు చేశాడు. వికారానికి తియ్యని నీరు కారణం కాకపోయినా ఎలుకలు ఆ తియ్యని నీటిని మానివేశాయి. తిన్న తరువాత కొన్ని గంటలకు బాధ కలిగినా అవి తిండినే తప్పు పట్టుతాయని తరువాతి ప్రయోగాలలో తేలింది. ఒక్క పర్యాయం చాలు, రెండవ పాఠం అక్కరలేదు.

ఇప్పుడు నా పొరపాటు మీకు తెలిసియే ఉంటుంది. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువుగా మారి కొద్ది గంటలలోనే పని చేస్తుంది. నేను మొదటినాడే విషపు ఎర పెట్టాను. ఆశపోతు ఎలుకలు నాలుగు తిని చచ్చినవి. అనుమానం గల ఎలుకలు చిటికెడు తిని, బాధపడి, బ్రతికి బయటపడినవి. అంటే ఆ చేలో తెలివితక్కువ వాటిని ఏరివేసి, చదువుకొన్న వాటిని మాత్రం మిగిల్చినది నేనే.

మరొక విశేషం కూడ ఉన్నది. ఒక ఎలుక మేసి వచ్చిన తరువాత తోటి ఎలుక దాని మూతి వాసన చూస్తుంది. ఆ వాసన గల తిండి తినదగినదని అది తెలుసుకొంటుంది. కెనడాలో బెనెట్ గేలెఫ్ అను శాస్త్రజ్ఞుడు 1980ల నుండి ఈ విషయాన్ని విపులంగా పరిశీలించాడు. మన పనికి దీని అర్థం ఏమనగా, విషం లేని నూకలు రెండు మూడు రోజులు పెట్టి అలవాటు చేస్తే ఒక ఎలుక వలన మరొక ఎలుక కూడ ఆ నూకలను నమ్ముతుంది. ఎలుక తెలివినే మనం ఎరగా వాడుకోవచ్చును.

కలుగు కట్టే నేర్పు

ఆ మరుసటి వేసవిలో ఎలుకల బుట్టలు పెట్టడంలో ఆరితేరిన ఒక యానాది పెద్దాయన వెంట నేను గట్ల మీద తిరిగాను. పుస్తకంలో లేని పాఠాలు కొన్ని అక్కడ నేర్చుకొన్నాను.

"బాబుగారూ, నోరు తెరుచుకొన్న కన్నం చూసి మందు పెట్టారు. అది ఎలుక ఖాళీ చేసిన కొంప. ఇల్లాలు లోపలుంటే తలుపు మూసుకొంటుంది కదా" అని ఆయన నవ్వారు. మన చేలల్లో ఎక్కువ నష్టం చేసే చిన్న పందికొక్కు లోపల ఉన్నప్పుడు కలుగు నోటిని మట్టితో మూసుకొంటుంది. బయట తాజా మట్టి కుప్పగా ఉంటే లోపల ఎలుక ఉన్నట్లు. ఒక్కొక్క కలుగుకు అనేక ద్వారాలుంటాయి. వాటిలో ఒకటి రెండు పలుచని మట్టిపొరతో కప్పబడి పైకి కనిపించవు. ముందు ద్వారాన పాము గాని, పొగ గాని వస్తే ఎలుక ఆ పొరను చీల్చుకొని వెనుక దారిన పరుగెత్తుతుంది.

ఆయన గునపంతో ఒక కలుగును చివరివరకు త్రవ్వి చూపారు. ఒక అరలో మెత్తని గడ్డి పరచి పిల్లలు, మరొక అరలో కట్టలు పేర్చినట్లు వడ్ల వెన్నులు. ఈ జాతి ఎలుకలో పెద్దవి సామాన్యంగా ఒక కలుగులో ఒక్కటే ఉంటుంది, తల్లి అయితే పిల్లలతో ఉంటుంది. అయినా అది తిన్నదానికంటె దాచినది హెచ్చు. దాచినదానికంటె కొరికి పారవేసినది ఇంకా హెచ్చు. పిలకలు కొరికేది కేవలం ఆకలికొరకే కాదని పళ్ళ సంగతి చెప్పినప్పుడే గ్రహించి ఉంటారు.

వరి పొట్ట, ఎలుక పొట్ట

ఎలుక సంతానం వరి పంటను అనుసరించి నడుస్తుంది. వరి చిరుపొట్టకు వచ్చేసరికి ఎలుకకు మంచి తిండి దొరుకుతుంది, అప్పుడే ఆడ ఎలుకలు కడుపుతో ఉంటాయి. చూలు నిలిచిన తరువాత ఈనడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. కానుపుకు ఆరేడు పిల్లలు సామాన్యం. వెన్ను పాలుపోసుకొని గట్టిపడే సరికి పిల్లలు పాలు త్రాగుతూ ఉంటాయి. చేను పండే సరికి అవి పాలు మాని గింజ పట్టుతాయి. ఈనిన ఒకటి రెండు రోజులకే తల్లి మరల చూలు నిలుపుకోగలదు. పిల్లలు సుమారు మూడు నెలలకు తామే తల్లులవుతాయి.

ఈ లెక్కను రైతు తన లెక్కతో కలిపి చూడవలెను. జూలైలో ఒక ఆడ ఎలుకను పట్టితే పట్టినది ఒక్కటే అని అనిపిస్తుంది. అదే ఎలుకను వదిలితే అక్టోబరు నాటికి తల్లి, పిల్లలు కలిసి ఏడెనిమిది అవుతాయి. కాని మనం చేసేది ఏమి? నాట్ల రోజులలో ఎలుకలు తక్కువగా ఉన్నవని ఊరుకొంటాం. చేను కోతబడిన తరువాత మందుకు పరుగెత్తుతాం. అప్పటికి చేలో ఎటు చూచినా తియ్యని వెన్ను ఉంటుంది. నోటిముందు కమ్మని పాల గింజ ఉండగా నీవు పెట్టిన నూకలు ఎవడు తింటాడు? పొట్ట దశ తరువాత ఎర పనిచేయకపోవుటకు ఇది రెండవ కారణం.

ఎలుక కోత చేను నడుమ నుండి మొదలగుట కూడ గమనింపదగినది. అంచు వరుసలు నిలిచి ఉంటాయి గనుక గట్టుమీద నడిచేవానికి ఏమీ తెలియదు. నష్టం కంటపడే నాటికి చేయి దాటిపోతుంది. కాబట్టి నాటిన నెల తరువాత వారానికి ఒకసారి చేను నడుమకు దిగి చూచుట తప్పనిసరి.

నీరు నేర్పిన పాఠం

ఎలుకకు ఈత వచ్చు. కాలువకు నీరు వదిలినప్పుడు మడిలోని కలుగులు మునుగుతాయి. ఎలుకలు ఎక్కడికి పోతాయి? గట్లకు, కాలువ కట్టలకు, మురుగు కాలువల ఒడ్డులకు, గడ్డివాముల క్రిందికి, ఇండ్లకు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడను, చుట్టుప్రక్కల పొలాలను ముంచినప్పుడు మనుష్యులు మెట్టకెక్కినట్లే ఎలుకలు, పాములు కూడ మెట్టకెక్కినవి. నీరు తీసిన తరువాత మరల దిగినవి. వరద వచ్చింది గదా, ఎలుకలన్నీ చచ్చి ఉంటాయని సంతోషించుట పొరపాటు.

అయితే ఇదే అలవాటు మనకు మంచి అవకాశం ఇస్తున్నది. నీరు వచ్చి దమ్ము చేసే వారాలలో ఊరి ఎలుకలన్నీ గట్ల మీదనే గుమికూడి ఉంటాయి. చేలో తిండి లేదు, కడుపులో పిల్లలు తక్కువ, దాక్కొనుటకు పైరు లేదు. ఏడాది మొత్తంమీద ఎలుక బలహీనంగా ఉండే సమయం అదొక్కటే. సామూహికంగా పట్టవలసినది అప్పుడే.

సామూహికంగా అనుటలో ముఖ్యమైన అర్థం ఉన్నది. ఒక్క రైతు తన మూడెకరాలలోని ఎలుకలను చంపితే ప్రక్క చేలోనివి ఆ ఖాళీ కలుగులలోకి వస్తాయి. కట్టిన ఇల్లు, ఖాళీ వాకిలి, పండిన చేను వాటికి సిద్ధంగా దొరుకుతాయి. ఎలుకకు సర్వే రాళ్ళు లేవు. కాబట్టి ఒక బోదె క్రింద ఉన్న రైతులందరు ఒకే వారంలో పని చేయవలెను.

మన పక్షాన ఉన్న వేటగాండ్రు

ఎలుక ఎంత తెలివైనదైనా దాని తెలివిని మించిన వేటగాండ్రు మన చేలల్లోనే ఉన్నారు. విచారకరమైన విషయమేమనగా వారిని మనమే చంపుతున్నాం.

పాత గుడి గోపురాలలో, పాడుపడిన కట్టడాలలో, చెట్టు తొర్రలలో ఉండే తెల్లముఖపు గుడ్లగూబను చావుపిట్ట అని మనవారు రాళ్ళతో కొడతారు. దాని రెండు చెవులు ఒకే ఎత్తున ఉండవు, ఒకటి కొంచెం పైకి, ఒకటి క్రిందికి ఉంటాయి. అందువలన ధ్వని ఏ ప్రక్క నుండి వచ్చిందో మాత్రమే గాక ఎంత ఎత్తు నుండి వచ్చిందో కూడ దానికి తెలుస్తుంది. కటికచీకటి గదిలో సైతం ఆకుల సవ్వడిని బట్టి ఎలుకను పట్టగలదని రోజర్ పెయిన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రయోగాలు చేసి నిరూపించాడు. దాని రెక్క ముందు అంచున దువ్వెన పళ్ళవంటి ఈకల అంచు ఉన్నది. ఎగిరేటప్పుడు గాలి చప్పుడు కాదు. ఎలుకను మింగి, అరగని ఎముకలను, బొచ్చును ఉండగా చేసి కక్కివేస్తుంది. గుడ్లగూబ కూర్చొనే చోట క్రింద ఆ ఉండలను ఏరి నీటిలో నానవేసి విప్పి చూడండి. ఎలుక పుర్రెలు లెక్కపెట్టవచ్చును. అది చావు తెచ్చేమాట నిజమే, కాని ఎలుకలకు.

మలేషియా దేశంలో పామాయిల్ తోటల వారు ఈ పక్షికొరకు కర్ర పెట్టెలు గూళ్ళుగా కట్టి నిలుపుతున్నారు. మన నూజివీడు ప్రాంతపు పామాయిల్ రైతులు దీనిని ఆలోచింపదగును. వరి రైతులు చేలో అక్కడక్కడ మనిషి ఎత్తు కర్రలకు అడ్డకర్ర కట్టి పాతితే రాత్రి గుడ్లగూబ వాలి వేటాడుతుంది. వెన్ను గట్టిపడే ముందు ఆ కర్రలను తీసివేయవలెను, లేనిచో గింజ తినే పిట్టలు వాటిమీద వాలతాయి.

ఇక జెర్రిపోతు. దీనికి విషం లేదు. తోకతో కొడితే ఒళ్ళు కుళ్ళుతుందనుట, నాగుపాముతో జతకడుతుందనుట రెండును అబద్ధాలు. రెండు జెర్రిపోతులు పెనవేసుకొని లేచి ఆడుతున్నవంటే అవి సామాన్యంగా జత కాదు, రెండు మగపాములు బలం చూచుకొంటున్నవి. చీలిన నాలుకతో నేలమీద వాసన పట్టి, అది ఎడమనో కుడినో గుర్తించి, మనం దూరలేని కలుగులో దూరి తల్లిని, పిల్లలను కూడ తింటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ పామును రక్షిస్తున్నది.

అట్లని పాములన్నీ మిత్రులే అని నేను చెప్పుట లేదు. ఎలుకలున్న చోటికి నాగుపాము, రక్తపింజరి కూడ వస్తాయి. 2018 వర్షాకాలంలో దివిసీమలో పాముకాట్లు పెరిగి ప్రజలు ఎంత భయపడినారో అందరికీ తెలిసినదే. కలుగులో చేయి పెట్టరాదు. రాత్రి నీరు పెట్టబోయేటప్పుడు లైటు, బూట్లు, చేతికర్ర ఉండవలెను. పాము కరిస్తే మంత్రానికి పోక వెంటనే ఆసుపత్రికి పోవలెను. గట్టుమీద ఎలుకలు తగ్గితే పాములును తగ్గుతాయి.

ఆచరణ

1. మే, జూన్ నెలలలో గట్లు చెక్కి, గడ్డి తీసి, కలుగులు త్రవ్వవలెను. అడుగు వెడల్పుకు మించని సన్నని గట్టులో ఎలుక ఇల్లు కట్టుకోలేదు. వెడల్పు గట్లను వీలైనంత సన్నబరచవలెను.

2. నీరు వదిలిన వారాలలో, నాట్లకు ముందు, ఒక బోదె క్రింది రైతులందరు కలిసి బుట్టలు పెట్టించవలెను. నారుమళ్ళ చుట్టును మరువరాదు. ఆరితేరిన బుట్టల వారికి కూలి తగ్గించి బేరమాడుట లాభం కాదు.

3. కలుగులను పొగబెట్టునప్పుడు ముందుగా అన్ని ద్వారాలను మట్టితో మూసి, ఒక్క ద్వారం గుండా పొగబారు యంత్రంతో ఎండుగడ్డి పొగను రెండు మూడు నిమిషాలు కొట్టవలెను. మరొక చోట పొగ వెలువడితే అదే దొంగదారి. దానిని కూడ మూయవలెను. పొగకు విషం అక్కరలేదు.

4. ఎర పెట్టదలచినచో మొదటినాడు సాయంకాలం కలుగులన్నింటిని మూయవలెను. మరునాడు తెరిచినవి మాత్రమే ఎలుకలున్న కలుగులు. వాటికే ఎర పెట్టవలెను.

5. బ్రోమడయోలోన్ ఎరకు 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు వంటనూనె, 2 పాళ్ళు 0.25 శాతం మందు పొడి కలిపి, 10 నుండి 15 గ్రాముల చొప్పున కాగితపు పొట్లాలు కట్టి కలుగు లోపలికి నెట్టవలెను. ఈ మందు తిన్న ఎలుక కొన్ని రోజుల తరువాత చస్తుంది. బాధ ఆలస్యంగా కలుగుతుంది గాన అది తిండిని తప్పు పట్టదు. ఎలుక చదువుకు ఇది సరియైన జవాబు.

6. జింక్ ఫాస్ఫైడ్‌ను వ్యవసాయాధికారి సలహా లేకుండ వాడరాదు. వాడవలసివస్తే నూనె కలిపిన వట్టి నూకలను రెండు రోజులు పెట్టి అలవాటు చేసిన తరువాతనే వాడవలెను. ఒకసారి వాడిన చోట ఆ పంటలో మరల వాడరాదు.

7. ఏ ఎర అయినా నాటిన 30 నుండి 45 రోజుల లోపల, అనగా చిరుపొట్టకు ముందే ముగియవలెను.

8. వరి కోతకు ముందు మినుము చల్లు రైతులు కోత తరువాత గట్లను మరల చూడవలెను. వరి పోయినా మినుము కాయ ఎలుకకు సిద్ధంగా ఉంటుంది.

జాగ్రత్తలు

ఎరను కర్రతో కలపవలెను. చేతికి తొడుగు ఉండవలెను. వంట పాత్రలను వాడరాదు. పిల్లలకు, కోళ్ళకు, కుక్కలకు అందకుండ చూడవలెను. బ్రోమడయోలోన్ వలన రక్తం గడ్డకట్టదు. మనుష్యులు పొరపాటున తింటే డాక్టరుకు మందు పేరు చెప్పవలెను, దానికి విటమిన్ కె1 విరుగుడు కలదు. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. చచ్చిన ఎలుకలను రోజూ ఏరి లోతుగా పూడ్చవలెను. లేనిచో వాటిని తిన్న గుడ్లగూబ, జంగపిల్లి, ముంగిస కూడ చస్తాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వలన ఎలుక జ్వరం వస్తుంది. కాలిపుండుతో బురదలో దిగువారు జాగ్రత్తగా ఉండవలెను, జ్వరం వస్తే ఆలస్యం చేయరాదు.

పురుగుమందులను ఎరలో కలుపుట, చేని చుట్టు కరెంటు తీగ లాగుట ఎట్టి పరిస్థితులలోను చేయరాదు. తీగకు ఎలుక, పంది, మనిషి అను భేదం తెలియదు. బస్తా వడ్లు దక్కించుకొనబోయి ప్రాణం పోగొట్టుకొన్న ఇండ్లు, పొరుగువాని ప్రాణం తీసి జైలుకు పోయిన ఇండ్లు మన పల్లెలలో కలవు.

ముగింపు

నాకు ఆ మాట చెప్పిన కౌలు రైతు మరుసటి ఏడు కూడ అదే చేను చేశారు. ఈసారి నేను మందు తీసికొని పోలేదు. జూలైలో నీరు వచ్చిన వారం ఆ బోదె క్రింది రైతులను ఒక అరుగు మీద కూర్చోబెట్టి, నా పొరపాటును మొదట చెప్పి, తరువాత ఈ పాఠమే చెప్పాను. యానాది పెద్దాయన, ఆయన కుమారులు బుట్టలు పెట్టారు. గట్లు సన్నబడినవి. తెరిచిన కలుగులకు మాత్రమే పొట్లాలు పెట్టారు. ఎలుకలు పూర్తిగా పోలేదు, ఎక్కడా పూర్తిగా పోవు. కాని చేను నడుమ ఆ బోడి గుండ్రాలు ఏర్పడలేదు. కౌలు కొలిచిన తరువాత ఆయన ఇంటికి వడ్లు చేరినవి. "ఈ ఏడు చదువుకొన్నది మనమండి" అన్నారు.

ఎలుక తన తప్పును ఒక్కసారికే దిద్దుకొంటుంది. ఒక ఏడు చేసిన పొరపాటును మరుసటి ఏడు మరల చేయుట మన అలవాటు. ఈ పాఠం చదివిన రైతు సోదరులు ఈ సాయంకాలమే గట్టు మీదికి పోయి, తాజా మట్టితో మూసిన కలుగులు ఎన్ని ఉన్నవో లెక్కపెట్టి, ప్రక్క చేని రైతుతో ఆ లెక్క చెప్పవలెనని కోరుచున్నాను. పని అక్కడనే మొదలవుతుంది.